చుక్కాని పక్కన నల్ల మచ్చ

ఫిబ్రవరి 4

అక్కా,

బావగారికి నమస్కారం చెప్పు. నీ మోకాలు ఎలా ఉంది? ఇక్కడ అందరం బాగున్నాం. అంటే నేను బాగున్నాను, నీ మరదలు నన్ను భరిస్తోంది.

క్లినిక్ మూసేసి నెల దాటింది. ముప్పై నాలుగేళ్లు జనం నోళ్లలోకి చూసినవాణ్ణి ఉన్నట్టుండి ఊరికే కూర్చోమంటే ఎలా కూర్చుంటాను? పోయిన వారం మీటరు చూడ్డానికి వచ్చిన కరెంటు మనిషి ఆవలిస్తే, లేచి వెళ్లి అతని గడ్డం పట్టుకుని వెలుతురుకేసి తిప్పాను. పాపం, అతనికి కింది దవడలో రెండు పుచ్చు పళ్లున్నాయి. ఆ సాయంత్రమే నీ మరదలు షెడ్డు తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టి, "వెళ్లి ఆ పడవ పళ్లు చూసుకోండి" అంది.

కాబట్టి మన పడవ బాతుకి వైద్యం మొదలైంది. నాన్న పోయిన దగ్గర్నుంచి పదకొండేళ్లుగా టార్పాలిన్ కింద పడి ఉంది కదా. డెక్కు మీద వార్నిష్ పొరలు పొరలుగా లేచిపోయింది. తెరచాప స్తంభం బూడిదరంగుకి తిరిగింది. చెక్కల సందుల్లో పోసిన నల్ల జిగురు ఎండి రాయైపోయింది. దాన్ని తవ్వమని రేవులో పడవలు బాగుచేసే ముసలి మేస్త్రీ ఉలి ఇచ్చాడు. నేను నా పెట్టె తెరిచి పళ్ల సందుల్లో గార తీసే కొక్కెం బయటికి తీశాను. మేస్త్రీ ముక్కున వేలేసుకున్నాడు. రోజుకి ఒక సందు చొప్పున లాగుతున్నాను. ఇప్పటిదాకా బాతు ఒక్కసారి కూడా మూలగలేదు.

పాత వార్నిష్ అంతా గీకేసి, ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది, కొత్తది ఏడు పూతలు వెయ్యాలని. మే మొదటి వారంలో నీళ్లలోకి దించుతాను. ఆ రోజు నువ్వు ఉండి తీరాలి. చుక్కాని పక్కన మచ్చ గురించి బెంగ పెట్టుకోకు, నాన్న దాని మీద పులిమిన నల్లరంగుతో సహా గీకి పారేస్తాను. పదకొండేళ్ల వయసులో నేను లాంతరు పెట్టి పడవని కాల్చబోయాననే కదా నువ్వు మూడు రోజులకే బాతు ఎక్కడం మానేశావు. మచ్చ పోతే నీ భయమూ పోతుంది. నాన్న పెట్టిన అగ్గిపెట్టె అన్న పేరు మాత్రం నన్ను వదల్లేదనుకో. నీ మరదలు పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా నన్ను స్టవ్వు వెలిగించనివ్వలేదు.

సీట్లకి కొత్త గలీబులు నువ్వే కుట్టాలి. ఇంకెవరు కుట్టినా బాతు ఒప్పుకోదు.

ఇట్లు,
నీ తమ్ముడు అగ్గిపెట్టె


ఫిబ్రవరి 12

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం చేరింది. మోకాలు అలాగే ఉంది. వానొచ్చే సంగతి రేడియో కంటే ముందు అదే చెబుతోంది.

ఇంత రాసుకునే బదులు ఫోను చేసుకోవచ్చు కదా అన్నారు మీ బావగారు. నీతో ఫోనులో మాట్లాడటం నా వల్ల కాదన్నాను. నోట్లో దూది కుక్కి ప్రశ్నలడగడం నీ వృత్తి. జవాబు వినడం నీకెప్పుడూ అలవాటు లేదు. ఉత్తరమైతే నా మాట పూర్తయ్యేదాకా నువ్వు ఆగక తప్పదు.

పడవ పని నాకు తెలియదు కానీ బట్ట సంగతి తెలుసు. బట్టకి పోగున్నట్టే చెక్కకీ ఉంటుంది, దాని వెంబడే రుద్దు. అడ్డంగా రుద్దావంటే వార్నిష్ వేశాక ప్రతి గీతా నిన్ను వెక్కిరిస్తుంది. ముందు స్తంభం చెయ్యి. తర్వాత పడవ ముక్కు దగ్గర చెక్కలు. వెనక్కి వెళ్లడానికి తొందరేం లేదు.

ఆ మచ్చ జోలికి మాత్రం వెళ్లకు. నాన్న చేత్తో వేసిన రంగు, అలాగే ఉండనీ. అదొక జ్ఞాపకం.

గలీబులు కుడతాను. షాపులో స్కూలు యూనిఫారాల పని నెత్తి మీదుంది, అయినా కుడతాను. కొలతలు అంగుళాల్లో పంపు. రావడం మాత్రం కుదరదు. నీళ్ల మీద నాకు కళ్లు తిరుగుతాయని నీకు తెలుసు కదా.

మరదల్ని అడిగానని చెప్పు. దానికి నోరు తెరిచి మాట్లాడే అవకాశం నువ్విస్తే అదే చెబుతుంది.

నీ అక్క


ఫిబ్రవరి 20

అక్కా,

శుభవార్త. రుద్దే మిషను కొన్నాను. చేతిలో పట్టేంత ఉంటుంది, అడుగున ఉప్పుకాగితం అంటించి మీట నొక్కితే గిర్రున తిరుగుతుంది. దాని మోత నా పాత డ్రిల్లు మోతలాగే ఉండటంతో మొదటిసారి ఆన్ చెయ్యగానే ఇంట్లో అందరూ నోరు మూసుకున్నారు.

మొదటి మూడు రోజుల్లో ముక్కు దగ్గర ఐదు చెక్కలు పూర్తి. నాలుగో రోజు చెయ్యి ఆగక తెడ్లు రుద్దాను. షెడ్డు తలుపు రుద్దాను. నా స్టూలు రుద్దితే ఒక కాలు పొట్టిదైంది, సమానం చేద్దామని మిగతా మూడూ రుద్దాను, ఇప్పుడది పీట. నీ మరదలు కూరగాయలు తరిగే చెక్క కూడా తెచ్చి రుద్దాను. ఇప్పుడు దాన్ని వెలుతురుకి పట్టుకుంటే అవతల ఎవరున్నారో తెలుస్తోందట. ఇంట్లో ఉన్న చెక్క సామాను అంతా దాచేసింది.

ఈ లెక్కన మార్చి మధ్యకల్లా చుక్కాని దగ్గరికి చేరతాను.

మచ్చని జ్ఞాపకం అన్నావు. కాల్చినవాడికి అది జ్ఞాపకం కాదు. చుక్కాని పట్టుకున్న ప్రతిసారీ నా మోచేతి కింద అదే. ఆ వేసవంతా నాన్న నన్ను చుక్కాని ముట్టుకోనివ్వలేదు, ముక్కు దగ్గర కూర్చోబెట్టి డబ్బాతో నీళ్లు తోడించాడు, గుర్తుందా? మానేసేదాకా ఆ మూడు రోజులూ చుక్కాని నువ్వు పట్టుకున్నావు. నేను తోడేవాణ్ణి. మచ్చ తియ్యొద్దంటున్నావంటే నీ కోపం ఇంకా చల్లారలేదనే అర్థం. సరే, నీ ఇష్టం. కానీ తీసేస్తాను.

కొలతలు వెనక పేజీలో ఉన్నాయి. ఆరు సీట్లు, ఒక మూల సీటు. మూలది గుండ్రం.

అగ్గిపెట్టె


ఫిబ్రవరి 28
(పోస్టు చెయ్యలేదు. కుట్టుమిషను సొరుగులో పెట్టాను.)

తమ్ముడూ,

నలభై తొమ్మిదేళ్లుగా నోరు మూసుకుని ఉన్న సంగతి ఒకటి రాస్తున్నాను.

పడవని కాల్చింది నువ్వు కాదు. ఆ రోజు తెరచాప చిరిగిన చోట నేను మాసిక వేశాను. పద్నాలుగేళ్ల దాన్ని, పెద్దవాళ్లలా కుట్టానని ఒకటే పొంగిపోయాను. కుట్టు అణగాలని బొగ్గుల ఇస్త్రీపెట్టె పడవలోకి తెచ్చాను. పడవలోకి నిప్పు తేకూడదని నాన్న ఎన్నిసార్లు చెప్పాడో. గుడ్డ సర్దుకుంటూ పెట్టెని చుక్కాని పక్కన చెక్క మీద దించాను. ఎత్తేసరికి కింద నల్లగా దాని అచ్చు.

అక్కడితో ఆగితే అది పొరపాటు. ఆ తర్వాత చేసినదే తప్పు. నీ లాంతరు సీటు కింద ఉంటే తెచ్చి మచ్చ మీద పెట్టాను. ఇస్త్రీపెట్టె చీరలో చుట్టి ఇంటికి పట్టుకుపోయాను. నాన్న వచ్చి లాంతరు తీసి చూశాడు, కోపంలో సరిగ్గా చూడను కూడా లేదు, ఆ గంటలోనే నల్లరంగు పులిమేశాడు. నిజం నాన్నకి చెప్పేసి ఉంటే చుక్కాని నా చేతిలోంచి పోయేది. అదొక్కటే భయం నాకు.

పోయింది ఎలాగూ. మూడు రోజులు పట్టుకున్నాను. ఎదురుగా నువ్వు డబ్బాతో నీళ్లు తోడుతూ కూర్చునేవాడివి. నిన్ను చూడలేక పడవ ఎక్కడం మానేశాను. కళ్లు తిరుగుతాయని చెప్పాను. ఆ మచ్చ తలుచుకుంటే నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది. అందరూ నిన్ను అగ్గిపెట్టె అని పిలుస్తుంటే నేనూ పిలిచాను.

నువ్వు ఆ నల్లరంగు గీకితే కింద ఇస్త్రీపెట్టె అచ్చు బయటపడుతుంది. అంతకు ముందే నా నోటితో చెప్పాలి. ఈ ఉత్తరం రేపు పోస్టు చేస్తాను.

అక్క


ఫిబ్రవరి 28

ఒరేయ్,

కొలతలు అందాయి. మోకాలు పెద్ద వాన అంటోంది, వెనక చెక్కలు ఇప్పుడే తెరిస్తే తడిసిపోతాయి. పైగా ఆ మిషను నమ్మకు. మా షాపులో కొత్తమ్మాయి మిషను దొరికింది కదా అని రెండు చేతులూ కలిపి కుట్టేసింది, చొక్కా వేసుకున్నవాడు దణ్ణం పెట్టినట్టు నిలబడ్డాడు. మిషను పక్కన పడేసి ముక్కు దగ్గర చెక్కలు మళ్లీ చేత్తో రుద్దు. గరుకుది ఒకసారి, నడిరకం ఒకసారి, సన్నది ఒకసారి.

నీ అక్క


మార్చి 9

అక్కా,

నువ్వు చెప్పినట్టే మూడు రకాల కాగితంతో చేత్తో రుద్దాను. వాన రాలేదు. నీ మోకాలికి నా తరఫున చెప్పు, మా వైపు ఎండ మాడిపోతోంది.

ముసలి మేస్త్రీ రోజూ వచ్చి చూసి వెళ్తున్నాడు. నిన్న వంగి, చెక్క మీద అరచెయ్యి ఆనించి, "డాక్టరుగారూ, ఇంకో వారం రుద్దితే కింద చేపలు కనబడతాయి" అన్నాడు. ఆపేశాను. ముక్కు దగ్గర మొదటి పూత వేశాను. టేకు రంగు బయటికి వచ్చేసరికి నిజంగా ఏడుపొచ్చింది. పచ్చి వార్నిష్‌లో దోమ వాలితే పట్టకారుతో బయటికి తీశాను. కాలు ఒకటి అక్కడే ఉండిపోయింది.

చివరి పూత నీ మరదలు వేస్తానంది. నాది ఒణికే చెయ్యట, ఇన్నేళ్లు నా కుర్చీలో కూర్చున్నవాళ్లు ఈ మాట వింటే ఏమైపోతారో. ఆవిడ పూత ఆరేదాకా ఎవరూ గోరు కూడా తగిలించకూడదని ఇప్పటినుంచే హుకుం జారీ అయింది.

రేపటినుంచి వెనక్కి కదులుతాను. గలీబుల సంగతేంటి?

అగ్గిపెట్టె


మార్చి 18

తమ్ముడూ,

గలీబులు పార్సెల్ చేశాను, ఏడూ ఉన్నాయి. ముదురు నీలం గుడ్డ, అంచుకి తెల్ల పైపింగు. మూల సీటుదానికి తల ప్రాణం తోకకొచ్చింది. గుండ్రం సరిగ్గా రావడానికి మూడుసార్లు కాగితం కత్తిరించాను. షాపులో కటింగు కాగితాలు అయిపోతే సొరుగులో చేతికందిన పాత కాగితాలు వాడాను. ఆ కాగితం గలీబులోనే పిన్నుచేసి ఉంది, పారెయ్యకు, రేపు చిరిగితే అదే కొలతకి మళ్లీ కుడతాను.

వెనక చెక్కలు వద్దంటే వినవు. కనీసం మెల్లగా వెళ్లు.

అక్క


మార్చి 27

అక్కకి,

గలీబులు అందాయి. కొలత తేడా లేకుండా సరిపోయాయి. నీ మరదలు మెచ్చుకుంది.

మూల సీటు గలీబులో పిన్నుచేసిన కటింగు కాగితం చూశాను. సగం ఉత్తరం అది. గుండ్రంగా కత్తిరించినా నీ రాత నేను పోల్చుకోలేనా? అందులో మిగిలిన ముక్కలు యథాతథంగా రాస్తున్నాను. "నలభై తొమ్మిదేళ్లుగా నోరు మూసుకుని." "నాన్నకి చెప్పేసి ఉంటే." "నిన్ను చూడలేక పడవ ఎక్కడం మానేశాను." "ఆ మచ్చ తలుచుకుంటే నాకు సిగ్గుతో." అంతే.

నా వల్ల నీకు ఇంత సిగ్గుగా ఉందని తెలియదు. మొహం చూడలేకపోయావా నాది? నాన్నకి ఇంకేం చెప్పాలనుకున్నావు, ఆ వేసవి డబ్బా చాల్లేదా? భయపడ్డావనుకున్నాను ఇన్నాళ్లూ. భయమైతే పోగొట్టొచ్చు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఇన్నేళ్లు నన్ను తమ్ముడూ అన్నావు.

నాకు కోపంగా ఉంది. రేపు మిషను తీసుకుని మిగతా చెక్కలన్నీ వదిలేసి నేరుగా ఆ మచ్చ మీదే పెడతాను. ఆనవాలు లేకుండా చేస్తాను. నువ్వు రానక్కర్లేదు.

తమ్ముడు


మార్చి 28
(పోస్టు చెయ్యలేదు. పళ్ల సామాన్ల పెట్టెలో పెట్టాను.)

అక్కా,

నల్లరంగు పోయింది.

నిన్న అంత కోపంగా రాశానా, పొద్దున్నే మిషను పెట్టాను. రంగు రెండు నిమిషాల్లో లేచిపోయింది. కింద మచ్చ కనబడగానే చెయ్యి దానంతట అదే మీట మీంచి తొలిగిపోయింది. ఎక్స్‌రేల్లో నీడలు చదివి బతికినవాణ్ణి నేను. లాంతరు అడుగు గుండ్రంగా ఉంటుంది. ఇది ఒక పక్క వెడల్పుగా, ఇంకో పక్క కోసుగా ఉంది. ఇలాంటి అడుగున్న వస్తువు మన ఇంట్లో ఒకటే ఉండేది. అది ఎవరి చేతిలో ఉండేదో కూడా నాకు తెలుసు.

మళ్లీ నీ కాగితం ముక్క తీసి చదివాను. ఈసారి వేరేగా ఉంది.

నీ మరదలికి చూపించాను. చాలాసేపు చూసి, లోపలికి వెళ్లి అగ్గిపెట్టె తెచ్చి నా జేబులో పెట్టి వెళ్లిపోయింది.

ఈ ఉత్తరం పంపితే నువ్వు ఒప్పుకుంటావు. దొరికిపోయాక ఎవరైనా ఒప్పుకుంటారు. నాకు అది వద్దు. నీ అంతట నువ్వే చెబుతావేమో చూస్తాను. చెప్పకపోతే ఏం చేస్తానో నాకే తెలియదు.


ఏప్రిల్ 2

తమ్ముడూ,

నీ ఉత్తరం చదవగానే లేచాను. మిషను సొరుగు మొత్తం కింద గుమ్మరించి వెతికాను. పోస్టు చేసే ధైర్యం లేక రెండు వారాలకి పైగా అందులో దాచిన ఉత్తరాన్ని పాత కాగితాల్లో కలిపేసి, చూసుకోకుండా కత్తెర పెట్టేశాను. మిగిలిన సగం నా దగ్గర ఉంది. దీంతో పంపుతున్నాను. నీ దగ్గరున్న ముక్క పక్కన పెట్టి చదువు. కత్తెర నాదే కాబట్టి అంచులు సరిగ్గా కలుస్తాయి.

కలవకపోయినా అర్థమయ్యేలా మళ్లీ రాస్తున్నాను. మచ్చ నాది. నా ఇస్త్రీపెట్టెది. నీ లాంతరు తెచ్చి దాని మీద పెట్టింది నేను. నువ్వు ఏ పాపం ఎరగవు. సిగ్గు నిన్ను చూసి కాదు, నన్ను చూసుకుని. కళ్లు తిరగడం అబద్ధం. మోకాలి వాన కూడా అబద్ధం, మోకాలు నొప్పి మాత్రం నిజం.

ఈపాటికి నువ్వు ఆ చెక్క గీకేసి ఉంటావు. గీకకపోతే గీకు, నా అచ్చు నీ కళ్లతో చూడు. మీ బావగారికి నిన్న చెప్పాను. పేపరు దించి, "నలభై తొమ్మిదేళ్లా" అని మళ్లీ ఎత్తుకున్నారు. పేపరు తలకిందులుగా ఉంది.

నాన్న ఉండగా చెప్పి ఉండాల్సింది. ఆ అదృష్టం పోగొట్టుకున్నాను. నీకు చెప్పగలిగాను, అదే చాలు. నువ్వు ఇక ఉత్తరం రాయకపోయినా నాకు అర్థమవుతుంది.

అక్క


ఏప్రిల్ 10

అక్కా,

నువ్వు చెబుతావా లేదా అని ఐదు రోజులు పోస్టుమ్యాన్ కోసం వీధిలో నిలబడ్డాను. అతను నన్ను చూసి నోరు గట్టిగా మూసుకుని వస్తున్నాడు, పళ్లు చూస్తానేమోనని. నాలుగో తేదీన నీ ఉత్తరం అతని చేతిలోంచి లాక్కున్నాను. గలీబు కాగితమూ నువ్వు పంపిన సగమూ డెక్కు మీద పక్కపక్కన పెట్టాను. వెంట్రుక తేడా లేదు. మచ్చ సంగతి మార్చి 28నే తెలిసింది నాకు. ఆ రోజు రాసి దాచుకున్న ఉత్తరం ఇందులో పెడుతున్నాను. దాచుకోవడం మన ఇంట్లో నీ ఒక్కదానికే రాదు.

నీ ఉత్తరం వచ్చాక మూడు రోజులు కోపం వచ్చింది. తెలిసినప్పుడు రానిది చెప్పాక వచ్చింది. ఆ మూడు రోజులూ స్తంభం రుద్దాను. మేస్త్రీ వచ్చి స్తంభం సన్నబడిందని చెప్పి నా చేతిలోంచి కాగితం లాక్కున్నాడు. తర్వాత కూర్చుని ఆలోచించాను.

ఆ వేసవి నేను ముక్కు దగ్గర డబ్బా పట్టుకుని వెనక్కి తిరిగి కూర్చునేవాణ్ణి కదా. ఎదురుగా నాన్న నన్ను తిడుతుండేవాడు. తిట్టినంతసేపూ నోరు తెరిచే ఉండేది. పైన ఎడమవైపు లోపలి దవడ పన్ను పుచ్చింది. రెండు నెలలు రోజూ ఆ పన్నునే చూశాను. అది ఎలా పుచ్చింది, ఎలా తియ్యాలి అనే ఆలోచన అక్కడే పట్టుకుంది నన్ను. పదిహేనేళ్ల తర్వాత ఆ పన్ను నేనే పీకాను. నా కుర్చీలో మొదట కూర్చున్నది నాన్నే. నువ్వు లాంతరు పెట్టకపోతే నేను ఏమయ్యేవాణ్ణో, బహుశా చుక్కాని పట్టుకుని ఏ అడ్రసూ లేకుండా తిరిగేవాణ్ణి.

అలాగని వదిలేస్తాననుకోకు. నాకు బాధ కలిగింది, అది నువ్వు తెలుసుకోవాలి. పదకొండేళ్లవాడు తనే చేశాడని నమ్మేశాడు. లాంతరు అక్కడ పెట్టినట్టు గుర్తు కూడా తెచ్చుకున్నాడు. అది మాత్రం మంచి పని కాదు, అక్కా.

అందుకని నాన్న వేసిన శిక్షే నీకూ. మే మూడున బాతు నీళ్లలోకి దిగుతుంది. ముక్కు దగ్గర నువ్వు కూర్చుంటావు. డబ్బా ఇస్తాను, నీళ్లు తోడాలి. చుక్కాని నాది. వేసవంతా అంటే నీ మోకాలు ఒప్పుకోదు కాబట్టి ఒక్క రోజుకి కుదించాను. సాయంత్రం చుక్కాని నీకిస్తాను. ఆ పేరు కూడా ఈ రోజునుంచి నీదే.

మచ్చ రుద్దలేదు. దాని మీదుగానే వార్నిష్ వేస్తాను. ఆ ఇస్త్రీపెట్టె ఉంటే తీసుకురా.

తమ్ముడు
(ఇంకే పేరూ లేదు)


ఏప్రిల్ 18

తమ్ముడూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివి, ఐదోసారి మీ బావగారి చేత చదివించుకున్నాను. పన్ను దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నవ్వో ఏడుపో తెలియలేదు.

శిక్ష ఒప్పుకున్నాను. డబ్బా మాత్రం పెద్దది పెట్టకు. రెండో తేదీ మధ్యాహ్నం బస్సుకి దిగుతాను. ఇస్త్రీపెట్టె ఉంది, షాపులో తలుపు కదలకుండా అడ్డం పెడుతున్నాను. నల్ల పిడి ఊడింది, అడుగు అలాగే ఉంది. చీరలో చుట్టి తెస్తాను. అప్పుడు తీసుకుపోయింది కూడా అలాగే.

నీ అక్క,
అగ్గిపెట్టె


మే 9

అక్కా,

క్షేమంగా చేరావని బావగారు ఫోనులో చెప్పారు. ఆయన మాట పూర్తయ్యేదాకా ఆగాను. నీ మరదలు సాక్షి.

నువ్వు నీళ్లు తోడిన తీరు గురించి ముసలి మేస్త్రీ ఇంకా చెబుతున్నాడు. పడవలో నీళ్లే లేకపోయినా పొద్దున్నుంచి డబ్బాతో ముంచి పోసిన మనిషిని తన సర్వీసులో చూడలేదట. సాయంత్రం నీకు చుక్కాని ఇచ్చి నేను ముక్కు దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. నా మొహం తడిసింది నీళ్ల తుంపర వల్లే. ఇస్త్రీపెట్టె మచ్చ మీద పెడితే చెప్పు కాలికి సరిపోయినట్టు సరిపోయింది. అది అక్కడే ఉంచేశాను.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు బస్సెక్కిన సాయంత్రం నేనే స్టవ్వు వెలిగించి, నేనే టీ పెట్టుకుని, గ్లాసు పట్టుకుని బాతు మీదికి వెళ్లాను. ముప్పై ఏళ్లలో మొదటిసారి. చుక్కాని పక్కన కూర్చుని గ్లాసు పక్కన దించాను. చివరి పూత, నీ మరదలు పూసింది, ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. గ్లాసు ఎత్తేసరికి కింద తెల్లగా గుండ్రటి మచ్చ. నీ మచ్చకి జానెడు దూరంలో.

వెనక్కి తిరిగితే నీ మరదలు నిలబడి ఉంది. "ఇదెవరు చేశారు?" అంది.

"అక్క" అన్నాను.

ఆలోచించి చెప్పింది కాదు, అక్కా. నోరు తెరిచేసరికి అదే వచ్చేసింది. అరవై ఏళ్లవాణ్ణి, ఆవిడ నన్ను కొట్టదు, చుక్కాని లాక్కోదు, మహా అయితే నాలుగు రోజులు మాట్లాడదు. అంతమాత్రానికే వచ్చేసింది. నువ్వు అప్పుడు పద్నాలుగేళ్ల పిల్లవి, ఎదురుగా ఉన్నది నాన్న.

ఇన్నాళ్లూ నిన్ను క్షమించాను అనుకున్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. క్షమించడానికి అందులో ఏం లేదు.

నీ మరదలు నీకు ఉత్తరం రాస్తానంటోంది. ఏం చెయ్యమంటావు?

తమ్ముడు


మే 15

తమ్ముడూ,

మరదలి ఉత్తరం వచ్చింది. మర్యాదగానే రాసింది, కానీ పెన్ను నొక్కి రాసింది, కాగితం వెనక వేలితో తడిమినా చదవొచ్చు. గ్లాసు కింద గుడ్డ వేసుకోకపోవడం నాదే తప్పని, వచ్చేసారి నేనే సన్న కాగితంతో రుద్ది ఇంకో పూత వేస్తానని రాసి పోస్టు చేసేశాను.

దానికి నిజం నీకు చెప్పాలనిపించినప్పుడు చెబుదువుగాని. మరీ నలభై తొమ్మిదేళ్లు మాత్రం ఆగకు, మొయ్యలేం.

నీ అక్క,
అగ్గిపెట్టె